తెల్లబోయిన సూర్యుడు: మాస్టారి ఫోన్‌తో తొమ్మిది సాయంత్రాలు

మాస్టారు తన ఫోన్‌లో నాకు చూపించినవి 42 ఫోటోలు. అన్నీ సూర్యాస్తమయాలే. అన్నీ ఒకే చెరువు గట్టు మీద నిలబడి నాలుగు నెలల్లో తీసినవి. ఒక్కోటీ జరుపుతూ ఒకటే మాట: "నేను చూసింది ఇది కాదమ్మా."

ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను ఫోన్ కెమెరాతో ఫోటోలు తీయడం నేర్పిస్తాను. పేరు లేకుండా అయితే మొత్తం రాసుకోమని ఆయనే అన్నారు. ఇంత వివరంగా రాయడానికి కారణముంది. సూర్యాస్తమయం ఫోటో వెలవెలబోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో దాదాపు అందరిదీ ఇదే ఇబ్బంది. రంగు చాలలేదనుకుంటారు, ఎడిటింగ్‌లో సాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతారు, ఫోటో ఇంకా పాడవుతుంది. అసలు జరిగింది వేరు. వెలుతురు ఎక్కువై రంగు కొట్టుకుపోయింది. అది తీసిన క్షణంలోనే పోయింది కాబట్టి ఆ తర్వాత పైన ఎంత పూసినా తిరిగి రాదు.

పసుపు ఉంగరం

17వ ఫోటో తెరిచి, సూర్యుడున్న చోట రెండు వేళ్లతో సాగదీసి పెద్దది చేశాను. మధ్యలో తెల్లటి మచ్చ. దాని చుట్టూ నిమ్మపండు రంగులో ఒక ఉంగరం. ఆ ఉంగరం అంచు గీత గీసినట్టు తెగి, అక్కడి నుంచి నారింజ మొదలవుతోంది. నిజం ఆకాశంలో ఇలాంటి గీత ఉండదు. సూర్యుడి నుంచి దూరం వెళ్లేకొద్దీ రంగు జారుతూ మారుతుందే గానీ మెట్టు దిగినట్టు మారదు.

ఆ ఫోటోనే కంప్యూటర్‌లోకి ఎక్కించి, రంగు అంకెలు చూపించే సాధనంతో నాలుగు చోట్ల కొలిచాను. డిజిటల్ ఫోటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఫోన్ మామూలుగా దాచే జేపెగ్ ఫైలులో ఒక్కోటీ 0 నుంచి 255 వరకే. తెల్ల మచ్చలో 255, 255, 255. ఉంగరంలో 255, 236, 121. ఉంగరం దాటగానే 255, 178, 84. ఇంకా దూరంగా, మబ్బు మొదలయ్యే చోట 231, 139, 77.

మాస్టారు ఆ నాలుగు వరుసలూ తన నోటు పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకుని, మొదటి నిలువు వరుస చుట్టూ సున్నా చుట్టారు. "ఎరుపు మూడు చోట్ల ఒకే అంకె దగ్గర ఆగిపోయింది. అంటే నిండిపోయిందన్నమాట."

జబ్బు దొరికింది. ఆయనకు ఇలా చెప్పాను: మూడు గ్లాసులున్నాయి, ఒక్కోదానిలో 255 పడుతుంది. అస్తమించే వేళ ఆకాశం నుంచి వచ్చే కాంతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం 6:3:1 పాళ్లలో ఉన్నాయనుకుందాం. కొంచెంగా పోస్తే 240, 120, 40. చక్కటి నారింజ. వెలుతురు రెండింతలు చేస్తే ఎరుపు 480 కావాలి, కానీ గ్లాసు 255కే పొర్లిపోతుంది. ఆకుపచ్చ మాత్రం 240కి ఎక్కేస్తుంది, నీలం 80. ఎరుపూ ఆకుపచ్చా సమానమైతే వచ్చేది పసుపు. మళ్లీ రెండింతలు చేస్తే 255, 255, 160. పాలిపోయిన పసుపు. ఇంకోసారి చేస్తే మూడూ నిండి తెలుపు. ఫోటో ఫైలులోని అంకెలు సరిగ్గా ఇలా రెండింతలు కావు, మధ్యలో ఫోన్ తన లెక్కలు తను వేసుకుంటుంది. దారి మాత్రం ఇదే: నారింజ పసుపవుతుంది, పసుపు తెలుపవుతుంది. ఆ ఉంగరం ఎరుపు గ్లాసు పొర్లిన గుర్తు.

ఇక్కడ ఇంకో చిక్కుంది, దాన్ని పట్టుకోవడానికి నాకే చాలా కాలం పట్టింది. సెట్టింగులన్నీ మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో కనిపించే హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చాలా ఫోన్లలో మొత్తం వెలుగునే చూపిస్తుంది, ఎరుపును విడిగా చూపించదు. వెలుగు లెక్కగట్టే పాత సూత్రంలో ఎరుపు వాటా 30 శాతం, ఆకుపచ్చది 59, నీలానిది 11. 255, 120, 40 అనే రంగుకు ఆ లెక్కన వచ్చేది దాదాపు 152. అంటే గ్రాఫ్ మధ్యలో, ఏ ప్రమాదమూ లేనట్టు కనిపిస్తుంది. అప్పటికే ఎరుపు అంచుదాకా నిండిపోయి ఉంటుంది. అందుకే సూర్యాస్తమయానికి హిస్టోగ్రామ్‌ను నమ్ముకోవద్దని చెబుతాను. ఉంగరాన్ని చూసుకోవాలి.

ఆ వేళప్పుడు ఎరుపే ఎందుకింత మిగులుతుందో మాస్టారికి చెప్పక్కర్లేదు. గాలి అణువులు చిన్న తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి, తరంగం పొడవు నాలుగో ఘాతానికి విలోమంగా. 650 నానోమీటర్ల ఎరుపుతో పోలిస్తే 450 నానోమీటర్ల నీలం నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. సూర్యుడు దిగంతం మీదకు వచ్చేసరికి కాంతి దాటి రావాల్సిన గాలి నడినెత్తిన ఉన్నప్పటి కంటే సుమారు 38 రెట్లు. నీలం దారిలోనే చెదిరిపోతుంది. ఆయనకు తెలియనిదల్లా ఫోన్ సంగతి. ఫోన్ తెర మీద ఉన్నదంతా సగటున ఓ మోస్తరు వెలుగులో కనిపించాలని చూస్తుంది. ఫ్రేములో సగం చీకటి నేల ఉంటే, దాన్ని పైకి లేపబోయి ఆకాశాన్ని పొర్లిస్తుంది.

మొదటి సాయంత్రం నేను చేసిన తప్పు

కారణం తెలిసింది కదా అని తొందరపడ్డాను. సూర్యుడి మీదే వేలు పెట్టండి, ఫోన్ తనే వెలుతురు తగ్గించుకుంటుంది అన్నాను. ఆయన అలాగే చేశారు. ఆకాశం బొగ్గు రంగులోకి పడిపోయింది, చెరువు కనిపించలేదు, సూర్యుడు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాడు. "ఇది ఇంకా ఘోరంగా ఉందమ్మా," అన్నారు. నిజమే.

పొరపాటు ఎక్కడంటే, అప్పటికి సూర్యుడు ఇంకా దిగంతానికి జానెడు పైనే ఉన్నాడు. ఆ ఎత్తులో సూర్యబింబానికీ చుట్టూ ఉన్న ఆకాశానికీ వెలుగులో ఉన్న తేడా ఏ ఫోన్ సెన్సరూ ఒక్క ఫోటోలో పట్టుకోలేనిది. బింబం రంగు కోసం పోతే ఆకాశం పోతుంది. పూర్తిగా కిందకు దిగాక, గాలిలోని తేమనూ దుమ్మునూ బట్టి బింబం నడిమధ్యాహ్నం కంటే వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు మసకబడుతుంది. అప్పుడే అది గుండ్రటి ఎర్రటి బిళ్లగా ఫోటోలో దొరుకుతుంది. అంతవరకూ బింబం తెల్లగా ఉంటే ఉండనివ్వాలి. కాపాడాల్సింది దాని చుట్టూ ఉన్న ఆకాశాన్ని.

రెండో సాయంత్రం పద్ధతి మార్చాం. సూర్యుడికి పక్కగా, ఫ్రేములో ఓ రెండు వేళ్ల దూరంలో, రంగు బాగా ఉన్న ఆకాశం మీద వేలు పెట్టి, లాక్ పడేదాకా తీయకుండా నొక్కి ఉంచడం. లాక్ వేయకపోతే ఫోన్ కాస్త కదిలినా కొలత మొదటికొస్తుంది. మాస్టారి పాత ఫోటోల్లో సగం పోయింది ఇక్కడే. లాక్ పడ్డాక పక్కన వచ్చే సూర్యుడి గుర్తును మెల్లగా కిందకు లాగాలి. ఎంత లాగాలంటే, తీసిన ఫోటోను వెంటనే పెద్దది చేసి చూసి, పసుపు ఉంగరం తెల్ల మచ్చకు అతుక్కుపోయి కనిపించకుండా పోయేదాకా. ప్రో మోడ్ అంకెల్లో చెప్పాలంటే ఆ రోజు మాకు సరిపోయింది మైనస్ 1. మబ్బులు పల్చగా ఉన్న రోజు మైనస్ 1.3 దాకా వెళ్లాం, దట్టంగా ఉన్న రోజు మైనస్ 0.7 చాలింది. ఈ అంకెలను కంఠస్థం చేయడం కంటే ఉంగరాన్ని చూడటం నేర్చుకోవడం మేలు. ఫోన్ మారితే అంకె మారుతుంది, ఉంగరం మారదు.

తీసిన ఫోటో తెర మీద చీకటిగా కనిపిస్తే మాస్టారికి మనసొప్పేది కాదు, మళ్లీ పైకి జరిపేవారు. చీకటిగా ఉన్న నేలను తర్వాత కొంతవరకు పైకి లేపుకోవచ్చు, కాస్త గరగరగా వచ్చినా వివరం ఉంటుంది. పొర్లిపోయిన ఆకాశంలో లేపడానికేమీ మిగలదు. ఈ మాట రెండు మూడు సార్లు చెప్పాక, తన పుస్తకంలో ఇలా రాసుకున్నారు: "కింద ఉన్నది అప్పు తెచ్చుకోవచ్చు, పైన పోయింది పోయినట్టే."

లెన్స్ తుడవడం గురించి ఒక్క మాట. ఫోన్‌ను రోజంతా జేబులో వేసుకుని తిరిగే మనిషి లెన్స్ మీద వేలిముద్రల జిడ్డు ఉండి తీరుతుంది. ఎదురుగా సూర్యుడుంటే ఆ జిడ్డు వెలుగును ఫ్రేమంతా పరిచేసి నలుపును బూడిద రంగు చేస్తుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి తీసిన ఫోటోనూ, తుడవకముందు తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అయితే ఎంత తుడిచినా పోనిది ఒకటుంది: చిన్న ఆకుపచ్చ చుక్క. అది లెన్సుల లోపలి ప్రతిబింబం, ఫోన్ పాడైనట్టు కాదు. ఫ్రేము మధ్యబిందువుకు సూర్యుడు ఏ వైపున ఎంత దూరంలో ఉంటే, చుక్క సరిగ్గా ఎదుటి వైపు అంతే దూరంలో పడుతుంది. సూర్యుణ్ని ఓ చెట్టు మొదలు వెనక సగం దాచితే తగ్గిపోతుంది. లేదంటే ఫ్రేము జరిపి, ఎడిటింగ్‌లో సులువుగా చెరిపేయగలిగే చోట పడేలా చూసుకోవాలి.

రంగు ఎవరు మార్చారు

ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి తీసుకునే వెలుతురు, కుదిరాక ఇంకో ఫిర్యాదు వచ్చింది. వరసగా తీసిన ఐదు ఫోటోల్లో ఐదు రంగులు. ఒకటి గులాబీ, ఒకటి ఇటుక రంగు, ఒకటి దాదాపు బూడిద. ఇది ఆటో వైట్ బ్యాలెన్స్ పని. ఏ వెలుతురులోనైనా తెల్ల కాగితం తెల్లగా కనిపించాలని దాని తాపత్రయం. నారింజ వెలుతురు ఎదురైతే దాన్ని లోపంగా లెక్కేసి నీలం కలిపి సరిచేయబోతుంది. మనం చెరువు గట్టు మీదకు వచ్చింది ఆ లోపం కోసమేనని దానికి తెలియదు.

ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను 5500 కెల్విన్ (వెలుతురు రంగును కొలిచే ప్రమాణం) దగ్గర, అంటే పగటి ఎండ దగ్గర, కట్టేశాం. మాస్టారు ఊరుకోలేదు. "7500 పెడితే ఇంకా ఎర్రగా వస్తుంది కదా?" వస్తుంది, పెట్టి చూడమన్నాను. మబ్బుల కింది నీడల్లో ఉన్న నీలి బూడిద మొత్తం మాయమై, ఫోటో అంతా ఒకే రంగులో ముంచి తీసినట్టయింది. ఆయనే వెనక్కి 5500కి తెచ్చారు. నారింజ నారింజలా కనిపించేది పక్కన నీలం ఉన్నప్పుడే. ఆ నీలాన్ని చంపితే ఎరుపు కూడా చప్పబడుతుంది.

కెల్విన్ అంకె చాలామందిని తికమక పెడుతుంది కాబట్టి చెబుతున్నాను. తక్కువ కెల్విన్ ఉన్న వెలుతురు ఎర్రగా ఉంటుంది. కెమెరాలో తక్కువ కెల్విన్ పెడితే మాత్రం ఫోటో నీలంగా వస్తుంది. ఎదురుగా ఉన్నది ఎర్రటి వెలుతురని మనం చెబుతున్నాం, దాన్ని సరిచేయడానికి కెమెరా నీలం కలుపుతోంది.

ముప్పై చుక్కల సూర్యుడు

నాలుగో సాయంత్రం మాస్టారి పట్టుదల సూర్యుడు పెద్దగా రావాలని. వేళ్లతో పది రెట్లు జూమ్ చేసి తీశారు. నీళ్లలో కరిగిపోయిన రంగుబిళ్లలా వచ్చింది. ఎందుకో ఆయన చేతే లెక్క వేయించాను. మెయిన్ కెమెరా పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 26 మిల్లీమీటర్ల లెన్స్‌కు సమానం, ఫ్రేము పొడవు వైపున పట్టేది సుమారు 67 డిగ్రీలు. 12 మెగాపిక్సెల్ ఫోటో పొడవు 4000 పిక్సెళ్లు. డిగ్రీకి 60. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. అంటే మొత్తం సూర్యుడు 30 పిక్సెళ్లు. ఆ ముప్పై చుక్కలను సాగదీస్తే అందులో కొత్తగా ఏమీ పుట్టదు.

ఆయన ఫోన్‌లో దూరాన్ని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్ ఉంది, మూడు రెట్లది. దాంతో 90 పిక్సెళ్లు వస్తాయి, ఫర్వాలేదు. కానీ వెలుతురు తగ్గాక చాలా ఫోన్లు మనం 3 రెట్లు నొక్కినా ఆ లెన్స్ వాడవు, మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి ఇస్తాయి, ఎందుకంటే మెయిన్ లెన్స్ ఎక్కువ వెలుతురు లాక్కుంటుంది. కనిపెట్టడం తేలిక. 3 రెట్లలో పెట్టి టెలిఫోటో లెన్స్ మీద వేలు అడ్డం పెట్టండి. తెర నల్లబడకపోతే మీరు వాడుతున్నది ఆ లెన్స్ కాదు. మాస్టారి ఫోన్ సూర్యుడు మునగకముందు నల్లబడింది, మునిగిన కాసేపటికి నల్లబడటం మానేసింది. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను. టెలిఫోటో లెన్స్‌ను పైనున్న సూర్యుడి వైపు తెరిచి పెట్టి నిమిషాల తరబడి వదిలేయవద్దు. కంటితో సూర్యుణ్ని అదేపనిగా చూడొద్దు, తెర మీదే చూడండి.

పెద్ద సూర్యుడి మోజు నాకు అంతగా లేదు. అదే 30 చుక్కల సూర్యుణ్ని ఎండిన కొమ్మల మధ్య ఇరికించి, ముందు ఒక పడవ నీడ పెడితే చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. నీడబొమ్మ తీసేటప్పుడు ఒకటే చూసుకోవాలి: ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. మాస్టారి మొదటి ప్రయత్నంలో పడవా, దాని వెనక పొదా కలిసి ఓ నల్లటి గుట్టలా వచ్చాయి. నాలుగడుగులు ఎడమకు జరిగి, మోకాళ్ల మీద కూర్చుంటే పడవ ముక్కు ఆకాశం మీదకు విడిగా వచ్చింది. గ్రిడ్ గీతలు పెట్టుకుని దిగంతం వాలకుండా చూసుకున్నాం.

మునిగాక ఇంటికెళ్లొద్దు

42 ఫోటోల సమయాలు చూశాను. ఒక్కటీ సూర్యుడు మునిగాక తీసింది కాదు. బింబం కనుమరుగవగానే ఫోన్ జేబులో వేసుకుని నడిచేసేవారు. నా దృష్టిలో ఎక్స్‌పోజర్ తర్వాత ఆయన పోగొట్టుకున్న పెద్ద విషయం ఇదే.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు కాబట్టి తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు. భూమధ్యరేఖకు దగ్గరగా నిటారుగా దిగుతాడు, దూరం వెళ్లేకొద్దీ వాలుగా జారుతూ ఎక్కువసేపు తీసుకుంటాడు. ఇక్కడ మాస్టారికి బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్పాను. గాలి కాంతిని వంచడం వల్ల దిగంతం దగ్గర ఉన్నది సుమారు 34 ఆర్క్ నిమిషాలు (ఒక్కోటీ డిగ్రీలో అరవయ్యో వంతు) పైకి లేచి కనిపిస్తుంది. సూర్యుడి వెడల్పు సుమారు 32. అంటే కింది అంచు నేలను తాకినట్టు కనిపించే వేళకు సూర్యుడు నిజానికి దాదాపుగా దిగిపోయి ఉంటాడు. కింది అంచు పైదానికంటే ఎక్కువ పైకి లేచి కనిపిస్తుంది కాబట్టే బింబం కోడిగుడ్డును అడ్డంగా పెట్టినట్టు ఉంటుంది. అన్నాళ్లూ ఆయన అది లెన్స్ లోపమనుకున్నారు.

ఐదో సాయంత్రం ఏమీ రాలేదు. నెత్తి మీద మబ్బులు అందంగానే ఉన్నాయి గానీ పడమట దిగంతం మీద గోడలా ఒక మబ్బు పరుచుకుంది. వెలుగు ఆ కింది సందులోంచి రావాలి, ఆ సందు మూసుకుపోయింది. అరగంట నిలబడి వచ్చేశాం.

ఆరో రోజు మధ్యాహ్నం వాన పడి వెలిసింది. వాన గాలిని కడిగేసిన రోజు రంగులు తేటగా ఉంటాయి. దుమ్ము ఎక్కువైతే సూర్యాస్తమయం బాగుంటుందని చాలామంది అంటారు, నేలకు దగ్గరగా ఉండే దుమ్మూ పొగా నిజానికి రంగులను మసకబారుస్తాయి. సూర్యుడు మునిగాక మాస్టారు అలవాటుగా కదలబోతే ఆపాను. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కింది మబ్బులు ముందుగా ఆరిపోయాయి. పన్నెండో నిమిషానికి బాగా ఎత్తున ఉన్న పల్చటి మబ్బుల అడుగు భాగం అంటుకుంది. ఎత్తున్న మబ్బుకు మనకంటే ఎక్కువసేపు సూర్యుడు కనిపిస్తాడు, ఆ ఎర్రటి వెలుగు కింద నుంచి దాని పొట్టకు తగులుతుంది. చెరువంతా ఆ రంగే.

"వెనక్కి తిరగండి మాస్టారూ," అన్నాను. తూర్పున నేలనానుకుని ముదురు నీలి బూడిద పట్టీ, దాని పైన గులాబీ పట్టీ. ఆ కింది పట్టీ భూమి నీడ, గాలి మీద పడిన నీడ. ఆయన ఫోన్ కిందకు దించేసి అలా చూస్తూ ఉండిపోయారు. డెబ్బై ఏళ్ల మనిషి, రోజూ ఆ గట్టు మీదే నడిచే మనిషి, ఒక్కసారీ అటు తిరిగి చూడలేదట. ఇంకాసేపటికి నడినెత్తిన కమ్మిన ఆ చిక్కటి నీలంలో ఓజోన్ వాటాయే ఎక్కువని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో లెక్కగట్టి చూపించాడు. అది చెబితే మాస్టారు ఆ సంవత్సరం కూడా పుస్తకంలో రాసుకున్నారు.

ఆ వేళలో ఫోన్‌తో వచ్చే తంటా నైట్ మోడ్. చీకటి పడుతోందని తనంతట తనే వేసుకుని, సంధ్య వెలుగును పట్టపగలు చేసి చూపిస్తుంది. దాన్ని ఆపేశాం. వెలుతురు తగ్గేకొద్దీ షట్టర్ నెమ్మదిస్తుంది కాబట్టి ఫోన్‌ను గట్టు రాయికి ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టాం.

హెచ్‌డీఆర్, రా ఫైళ్లు

వీటి గురించి ఎక్కువ చెప్పను. హెచ్‌డీఆర్ అంటే ఫోన్ చకచకా కొన్ని ఫోటోలు తీసి, ఒకదానిలోని ఆకాశాన్నీ ఇంకోదానిలోని నేలనూ కలిపి కుట్టడం. నేల వివరం కావాలంటే ఉంచండి. నీడబొమ్మ కావాలంటే ఆపేయండి, లేకపోతే చెట్టు అంచుల వెంట తెల్లటి వెలుగు చార కనిపిస్తుంది, ఎగిరే పక్షికి రెండు నీడలొస్తాయి.

రా ఫైళ్ల (ఫోన్ తన మార్పులు చేయకముందు సెన్సర్ పట్టుకున్నది పట్టుకున్నట్టు దాచే ఫైళ్లు) గురించి ఎక్కడో చదివి మాస్టారు చాలా ఆశ పెట్టుకున్నారు. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచి ఆ సౌకర్యం ఉంది. జేపెగ్‌లో రంగుకు 256 మెట్లుంటే 10 బిట్ల రా ఫైలులో 1024 ఉంటాయి, నిజమే. కానీ ఆయన ఫోన్‌లో రా అంటే ఒక్క ఫోటోయే, కలిపి కుట్టింది కాదు. నీడల్లో గరగర, మూలల్లో చీకటి. ఐఫోన్ 12 ప్రోకు 2020 డిసెంబరులో వచ్చిన ప్రోరా లాంటివి కుట్టిన ఫోటోను రా రూపంలో ఇస్తాయి, అవి వేరే సంగతి. సరైన ఎక్స్‌పోజర్‌తో తీసిన జేపెగ్ ఆయన చేతిలో రా కంటే మెరుగ్గా వచ్చింది. రెండూ చూసుకున్నాక ఆయనే రా మానేశారు.

రాత్రి తొమ్మిదింటి నీలం

ఎడిటింగ్ దగ్గర నాకు అర్థం కాని సమస్య వచ్చింది. గట్టు మీద చూసినప్పుడు బాగున్న ఫోటో, రాత్రి ఎడిట్ చేసి మాస్టారు నాకు పంపేసరికి చలికి వణుకుతున్నట్టు నీలంగా ఉంటోంది. మూడు రోజులు ఇదే. ఫైలు కుదించుకుపోతోందేమోనని మెసేజ్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమన్నాను. తేడా లేదు. చివరికి ఒక రాత్రి వాళ్లింటికి వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన తెర పసుపు పచ్చగా ఉంది. కళ్లకు శ్రమ లేకుండా నీలి కాంతి తగ్గించే సెట్టింగు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా తనే వేసుకునేలా పెట్టి ఉంది. పసుపు తెర మీద ఫోటో మరీ పసుపుగా కనిపిస్తుంటే, ఆయన రోజూ బుద్ధిగా నీలం వైపు జరుపుతున్నారు. సూర్యాస్తమయాలు తీసేవాళ్లు ఎడిట్ చేసేది ఎక్కువగా రాత్రిళ్లే కాబట్టి ఈ సెట్టింగు ముందు చూసుకోవాలి. ఆపి, తెర వెలుగు సగానికి పెట్టి, అదే ఫోటో మళ్లీ తెరిచాం. ముట్టుకోవాల్సిన పనే కనిపించలేదు.

ఆయనకు చెప్పిన ఎడిటింగ్ కొంచెమే. హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) కాస్త దించడం, నేల మరీ గుడ్డిగా ఉంటే షాడోస్ (చీకటి భాగాలు) కొద్దిగా లేపడం, నలుపును ఒక పిసరు ముదర చేయడం. సాచురేషన్ ముట్టుకోవద్దన్నాను, కారణం మళ్లీ ఆ గ్లాసులే. 240 దగ్గరున్న ఎరుపుకు సాచురేషన్ పెంచితే అది 255 దాటి పొర్లుతుంది, మబ్బులోని పొరలన్నీ ఒకే ఎర్రటి మరకలో కలిసిపోతాయి. మాస్టారు ఒక ఫోటోకు ఆ స్లైడర్‌ను చివరిదాకా లాగి, మబ్బును పెద్దది చేసి చూసి, వెనక్కి తెచ్చేశారు.

19వ ఫోటో

పాత 42 ఫోటోల్లో బాగు చేయగలిగినవి ఉన్నాయా అని అడిగారు. నాలుగింటిలో ఉంగరం చిన్నది, సూర్యుణ్ని కత్తిరించేసి మబ్బులను మిగుల్చుకోగలిగాం. రెండు నలుపు తెలుపుల్లో నిలిచాయి. మిగతావాటిలో ఆకాశం లేదు, అక్కడ ఉన్నది తెల్ల కాగితమే. అవి ఆయన తీసేశారు, 19వది తప్ప. అందులో ఆయన మనవరాలుంది, గట్టు మీద నిలబడి నవ్వుతోంది. ముఖం చక్కగా వచ్చింది, వెనక ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఫోన్ ముఖాన్ని గుర్తుపట్టి దానికే వెలుతురు సరిచేసుకుంది. ఫోన్ తప్పు కూడా కాదు, ఆ వేళకు ముఖమూ ఆకాశమూ ఒకే ఫోటోలో ఇమడవు.

తొమ్మిదో సాయంత్రం పాపను తీసుకొచ్చారు. సూర్యుడు మునిగి పన్నెండు నిమిషాలయ్యే వరకూ ఆడుకోనిచ్చాం. అప్పటికి ఆకాశం వెలుగు తగ్గి ముఖం మీది వెలుగుకు దగ్గరకొస్తుంది. ఆకాశం మీద లాక్ వేసి మైనస్ 0.7. అయినా ముఖం చీకటిగానే ఉంది. నా ఫోన్ టార్చ్ వేసి, మీటరు దూరంలో పక్కగా పట్టుకున్నాను. ముఖం తెల్లగా, జీవం లేనట్టు వచ్చింది. టార్చ్ వెలుతురు పగటి ఎండలా తెల్లటిది, చుట్టూ ఉన్నదంతా నారింజ. మాస్టారు జేబులోంచి లేత పసుపు చేతిరుమాలు తీసి, రెండు మడతలు పెట్టి టార్చ్ మీద కప్పారు. "తాతా, కళ్లు మూసుకోనా?" అంది పాప. "వద్దమ్మా, నన్నే చూడు," అన్నారు.

ఆ ఫోటోలో పాప చెంప వెనకున్న ఆకాశాన్ని ఇంటికొచ్చాక కొలిచాం. 238, 134, 62. ఆ మూడు అంకెలనూ 17వ ఫోటో వరుసల కింద రాసుకుని, ఈసారి ఆయన ఏమీ సున్నా చుట్టలేదు. 19వ ఫోటో ఇంకా ఆయన ఫోన్‌లోనే ఉంది, కొత్తదాని పక్కన.